పవర్‌టాయ్స్: ముందు అన్నీ ఆఫ్ చేయండి

పవర్‌టాయ్స్ ఇన్‌స్టాల్ అవగానే నేను ముందు దాని సెట్టింగ్స్ తెరిచి, ఆన్‌లో ఉన్నవన్నీ ఆఫ్ చేసేస్తాను. తర్వాత కావలసినవి ఒక్కొక్కటే ఆన్ చేసుకుంటాను. విండోస్ కోసం మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఈ సాఫ్ట్‌వేర్‌లో చిన్న చిన్న టూల్స్ ఇరవైకి పైనే ఉన్నాయి. చాలావాటికి సొంత షార్ట్‌కట్ ఉంటుంది. అన్నీ ఒకేసారి ఆన్‌లో ఉంటే ఏ కీ నొక్కితే ఏది ఊడిపడుతుందో తెలియదు. మనం వర్డ్‌లో ఏదో చేయబోతే స్క్రీన్ మధ్యలో ఇంకేదో పెట్టె తెరుచుకుంటుంది. చాలామంది విసుక్కుని తీసేసేది అందుకే.

నా పనంతా స్కాన్ చేసిన పేజీలు, ఫొటోలు, ఎక్సెల్ షీట్లతోనే. మౌస్ ఎక్కువసేపు పట్టుకుంటే మణికట్టు లాగేస్తుంది కాబట్టి వీలైనంతవరకు కీబోర్డ్ మీదే నడిపిస్తాను. ఈ రివ్యూ కూడా ఆ కోణంలోంచే. గేమ్స్ ఆడేవాళ్లకు, ప్రోగ్రామర్లకు నచ్చేవి వేరే ఉండొచ్చు.

పవర్‌టాయ్స్ అనే పేరు విండోస్ 95 కాలం నాటిది. ఇప్పుడు మనం వాడేది 2019లో మళ్లీ మొదలైంది. దాని సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రామ్) గిట్‌హబ్ అనే సైట్‌లో అందరికీ కనిపించేలా ఉంది. ప్రకటనలు, సబ్‌స్క్రిప్షన్ లాంటివేమీ లేవు.

అయితే ఇది దించుకునే ముందు విండోస్‌లో ఇప్పటికే ఉన్నదేమిటో చూసుకోవాలి. పవర్‌టాయ్స్ కావాలనుకునేవాళ్లలో సగం మందికి విండోస్ + వి చాలేమో అనిపిస్తుంది. మామూలు కాపీ, పేస్ట్‌లో చివరిగా కాపీ చేసింది ఒక్కటే ఉంటుంది కదా. ఇందులో ఇంతకుముందు కాపీ చేసినవి 25 దాకా వరుసగా కనిపిస్తాయి, కావలసినది ఎంచుకుంటే చాలు. 2018 చివర్లో విండోస్ 10కి వచ్చిన అప్‌డేట్‌తో ఇది మొదలైంది. మొదటిసారి నొక్కినప్పుడు ఆన్ చేయమంటుంది, చేయండి. రీస్టార్ట్ చేస్తే లిస్టు ఖాళీ అవుతుంది, పిన్ చేసినవి మాత్రం ఉంటాయి. నేను రోజూ పదేపదే టైప్ చేయాల్సిన వాక్యాలను పిన్ చేసి పెట్టుకున్నాను. ఒక్క జాగ్రత్త: కాపీ చేసిన పాస్‌వర్డ్, ఓటీపీ కూడా ఆ లిస్టులో కూర్చుంటాయి. ల్యాప్‌టాప్ వేరేవాళ్ల చేతికి ఇచ్చేముందు ఖాళీ చేయండి.

స్క్రీన్‌లో కావలసిన ముక్క మాత్రమే ఫొటో తీసే విండోస్ + షిఫ్ట్ + ఎస్, పొరపాటున మూసేసిన బ్రౌజర్ ట్యాబ్‌ను తిరిగి తెచ్చే కంట్రోల్ + షిఫ్ట్ + టి కూడా ఎలాగూ ఉన్నాయి. వీటికి పవర్‌టాయ్స్ అక్కర్లేదు.

మరి పవర్‌టాయ్స్ ఎందుకూ అంటే, నా వరకు చాలా ఫైళ్ల పేర్లు ఒకేసారి మార్చే పవర్‌రీనేమ్ కోసం. మిగతావన్నీ తీసేసినా దీన్ని మాత్రం వదులుకోను.

విండోస్‌లోనే ఫైళ్లన్నీ సెలెక్ట్ చేసి ఎఫ్2 నొక్కి ఓ పేరు టైప్ చేస్తే అన్నిటికీ అదే పేరు పెట్టి పక్కన బ్రాకెట్లో 1, 2, 3 వేస్తుంది. ఫోల్డర్ మన కోసమే అయితే అది సరిపోతుంది. కానీ స్కాన్ చేసిన వంద పేజీలను కలిపి ఒకే పీడీఎఫ్ చేయాలనుకోండి. ఫోల్డర్‌లో వరుస సరిగ్గానే కనిపిస్తుంది, పీడీఎఫ్ చేసే కొన్ని సాఫ్ట్‌వేర్లు మాత్రం 1 తర్వాత 10, ఆ తర్వాత 11 తీసుకుని, 2వ పేజీని ఎక్కడో కింద పడేస్తాయి. అది తప్పాలంటే పేర్లు 001, 002 అని మూడంకెలతో ఉండాలి. పవర్‌రీనేమ్‌లో అది చిటికెలో పని. ఫైళ్లు సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ చేయడం, ఏం వెతకాలో, దాని బదులు ఏం పెట్టాలో రాయడం, వరుస అంకెలు కావాలంటే ఆ ఆప్షన్ ఆన్ చేయడం, అంతే. పేరులో ఓ మాట తీసేయొచ్చు, తేదీ చేర్చవచ్చు, పెద్దక్షరాలను చిన్నక్షరాలు చేయవచ్చు.

నాకు బాగా నచ్చింది ప్రివ్యూ. పాత పేరు, కొత్త పేరు పక్కపక్కనే చూపిస్తుంది. ఏదైనా ఫైల్ మారకూడదనుకుంటే దాని టిక్ తీసేస్తే సరి. అన్నీ అయ్యాక కూడా కంట్రోల్ + జెడ్ నొక్కితే పాత పేర్లు వచ్చేస్తాయి. తేదీ విషయంలో మాత్రం కళ్లు తెరుచుకుని ఉండాలి. అది మామూలుగా తీసుకునేది ఫైల్ తయారైన తేదీ. ఫోన్ నుంచి కాపీ చేసిన ఫొటోలకు అది ఫొటో తీసిన రోజు కాకుండా ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసిన రోజు అయ్యుండవచ్చు. ప్రివ్యూలో పెళ్లి ఫొటోలన్నీ నిన్నటి తేదీతో కనిపిస్తే అక్కడే ఆగండి.

రెండోది కీబోర్డ్ మేనేజర్. ఒక కీ నొక్కితే ఇంకో కీ పనిచేసేలా మార్చుకోవచ్చు. నా పాత ల్యాప్‌టాప్‌లో డిలీట్ కీ పోయింది. ఒక్క కీ కోసం మొత్తం కీబోర్డ్ మార్చడం నాకు దండగనిపించి, ఎప్పుడూ వాడని కుడివైపు ఆల్ట్‌ను డిలీట్‌గా చేసుకున్నాను. ఏదైనా షార్ట్‌కట్ నొక్కితే మన ఈమెయిల్ అడ్రస్సో, ఇంకేదైనా వాక్యమో టైప్ అయ్యేలా కూడా పెట్టుకోవచ్చు. ఆ షార్ట్‌కట్ ఒక్క ఎక్సెల్‌లోనే పనిచేయాలి, మిగతాచోట్ల మామూలుగా ఉండాలి అన్నా కుదురుతుంది.

దీని పరిమితులు ముందే తెలుసుకోవాలి. పవర్‌టాయ్స్ నడుస్తున్నంతసేపే ఈ మార్పులు ఉంటాయి. లాగిన్ స్క్రీన్ దగ్గర పనిచేయవు. కాబట్టి పోయిన కీ మీ పాస్‌వర్డ్‌లో ఉంటే దీన్ని నమ్ముకోవద్దు. అక్కడ కింద మూలన ఉండే యాక్సెసిబిలిటీ గుర్తు నొక్కి ఆన్-స్క్రీన్ కీబోర్డ్ తెచ్చుకోవాలి. విండోస్ + ఎల్, కంట్రోల్ + ఆల్ట్ + డిలీట్ ఈ రెండూ ఎవరి మాటా వినవు, అవి మారవు. ఎఫ్ఎన్ కీ కూడా దాదాపు అంతే.

ఇమేజ్ రీసైజర్ మంచిదే, సగం మాత్రమే మంచిది. ఫొటోలు సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ చేస్తే చిన్న సైజు కాపీలు చేసిపెడుతుంది, అసలు ఫొటోలు అలాగే ఉంటాయి. ఈమెయిల్‌లో పది ఫొటోలు పంపాలంటే హాయిగా ఉంటుంది. కానీ ఆన్‌లైన్ అప్లికేషన్లు అడిగేది "ఇన్ని కేబీల లోపు" అని. ఇదేమో పిక్సెల్స్ లెక్కలో, శాతంలో, సెంటీమీటర్లలో మాట్లాడుతుంది. కేబీ అడిగే గడి లేదు. సైజు, క్వాలిటీ అంకెలు మార్చుకుంటూ మనమే కుస్తీ పట్టాలి. అందరికీ అక్కరకొచ్చే ఆ ఒక్కటీ ఎందుకు పెట్టలేదో!

ఆల్వేస్ ఆన్ టాప్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అంత సూటిగా ఉంటుంది. విండోస్ + కంట్రోల్ + టి నొక్కితే అప్పుడు మనం వాడుతున్న విండో మిగతా అన్నిటి పైన ఉండిపోతుంది, చుట్టూ రంగు గీత కనిపిస్తుంది. మళ్లీ అదే నొక్కితే దిగుతుంది. చిన్న విండోలో వీడియో చూస్తూ నోట్స్ రాసుకునేవాళ్లకు మంచి తోడు.

ఫొటోలోని అక్షరాలను కాపీ చేసే టెక్స్ట్ ఎక్స్‌ట్రాక్టర్ ఒకప్పుడు గొప్పగా అనిపించేది. ఇప్పుడు విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లోనే ఆ సదుపాయం వచ్చేసింది కాబట్టి నేను ఆఫ్ చేశాను. స్క్రీన్‌ను గళ్లుగా పంచే ఫ్యాన్సీజోన్స్ పెద్ద మానిటర్ ఉన్నవాళ్లకు. మామూలు ల్యాప్‌టాప్ స్క్రీన్‌కు విండోస్ + ఎడమ బాణం, కుడి బాణం చాలు. ఎడమ కంట్రోల్ రెండుసార్లు నొక్కితే మౌస్ ఎక్కడుందో వెలుగు వేసి చూపించే టూల్ ముచ్చటగా ఉంటుంది గానీ, కాపీ, పేస్ట్ వేగంగా చేసేవాళ్లకు అడ్డొస్తుంది. నేను ఉంచుకోలేదు. పెద్ద డౌన్‌లోడ్ నడుస్తుండగా ల్యాప్‌టాప్ నిద్రపోకుండా ఆపే అవేక్‌ను మాత్రం ఉంచుకున్నాను. పవర్ సెట్టింగ్స్ మార్చి, తర్వాత గుర్తుపెట్టుకుని వెనక్కి మార్చే బాధ ఉండదు.

పవర్‌టాయ్స్ విండోస్ 10, 11లకే, మ్యాక్‌కు లేదు. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరుకుతుంది. వేరే సైట్ల నుంచి దించుకోవాల్సిన పని లేదు. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఐటీ వాళ్లను అడిగి పెట్టుకోండి. కీబోర్డ్‌లో ఏం నొక్కుతున్నామో గమనించే సాఫ్ట్‌వేర్ కాబట్టి వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. ఇంకోటి, ఏదైనా ప్రోగ్రామ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా (అంటే పూర్తి అధికారాలతో) తెరిస్తే, పవర్‌టాయ్స్ కూడా అదే హోదాలో నడవనంతవరకు దాని షార్ట్‌కట్లు అక్కడ పనిచేయవు. "నిన్న పనిచేసింది, ఇవాళ లేదు" అనిపిస్తే ముందు అది చూడండి. దానితో తేలకపోతే టాస్క్‌బార్ మూలన పవర్‌టాయ్స్ గుర్తు ఉందో లేదో చూసి, లేకపోతే మళ్లీ తెరిచి, కంప్యూటర్ ఆన్ అవగానే అదీ మొదలయ్యేలా సెట్టింగ్స్‌లోని జనరల్ పేజీలో ఆన్ చేసుకోండి.