ఏసీఎల్ తెగితే ఏ గ్రాఫ్ట్ మేలు: చిప్ప కింది టెండానా, హామ్‌స్ట్రింగా?

మా తమ్ముడు కబడ్డీలో రైడ్‌కి వెళ్లి వెనక్కి తిరగబోతే మోకాలు మెలిపడి ఏసీఎల్ (మోకాలి లోపల తొడ ఎముకనూ కాలి ఎముకనూ పట్టి ఉంచే లిగమెంట్) పూర్తిగా తెగింది. ఆపరేషన్ తప్పదన్నారు, సరే, కానీ కొత్త లిగమెంట్‌గా పెట్టే గ్రాఫ్ట్ ఎక్కడి నుంచి తీయాలన్న దగ్గర ఇంటిల్లిపాదికీ టెన్షన్.

"ఏది గట్టిదైతే అది పెట్టమనండి" అన్నాడు మామయ్య. అందరం పొరబడేది సరిగ్గా అక్కడే. 1991లో సావియో వూ అనే పరిశోధకుడి బృందం దానంగా వచ్చిన మోకాళ్లను యంత్రంలో బిగించి లాగితే, పడుచువాళ్ల ఏసీఎల్ తెగడానికి సగటున 2160 న్యూటన్లు పట్టింది, అంటే రెండు క్వింటాళ్ల పైచిలుకు బరువు. మోకాలి చిప్ప కింది టెండాన్ (ఎముకకు అతుక్కుని ఉండే గట్టి నార) నుంచి 10 మి.మీ. వెడల్పున తీసిన పట్టీ దాదాపు 3000 తట్టుకుంటుంది, తొడ వెనక కండరాలైన హామ్‌స్ట్రింగ్ టెండాన్లు రెండింటిని మడిచి నాలుగు పేటలు చేస్తే 4000 దాటుతుంది. అయితే హామ్‌స్ట్రింగే మేలా? కాదు, ఆ లెక్క నాలుగు పేటలూ సమానంగా బిగించి ల్యాబ్‌లో లాగినప్పటిది. మోకాల్లో పెట్టాక మొదటి వారాల్లో భయమంతా గ్రాఫ్ట్ తెగుతుందని కాదు, ఎముకకు తొలిచిన సొరంగంలో దాని పట్టు జారుతుందని.

చిప్ప టెండాన్‌ను రెండు కొసలా చిన్న ఎముక ముక్కలతో సహా తీస్తారు. వాటిని సొరంగంలో దూర్చి స్క్రూ బిగిస్తే విరిగిన ఎముక అతికినట్టే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అతుక్కుంటాయి. హామ్‌స్ట్రింగ్‌లో మెత్తటి టెండానే నేరుగా ఎముకతో కలవాలి, దానికి ఇంకా ఎక్కువ టైమ్ పడుతుంది. కుర్ర ఆటగాళ్లలో అది మళ్లీ తెగడం కూడా కొంచెం ఎక్కువే.

అలాగని చిప్ప టెండాన్ అందరికీ కాదు. మోకాళ్ల మీద కూర్చుంటే ముందు భాగంలో నొప్పి చాలామందికి మిగిలిపోతుంది. నమాజు చేసేవాళ్లు, చర్చిలో మోకరిల్లేవాళ్లు, నేల మీద వంగి టైల్స్ పరిచేవాళ్లు దీన్ని చిన్న విషయం అనుకోవద్దు, వాళ్లకు నేనైతే హామ్‌స్ట్రింగే అంటాను. అందులో మోకాలు బాగా మడిచే బలం కొంత తగ్గుతుంది, ఆటల్లో లేనివాళ్లకు అది పెద్దగా తెలియదు.

తమ్ముడికి చిప్ప టెండానే పెట్టించాం. నాలుగో నెలకే నొప్పి లేదు, కోర్టులోకి దిగుతానని గొడవ. నొప్పి పోయినంత మాత్రాన గ్రాఫ్ట్ గట్టిపడినట్టు కాదు, పెట్టాక దాని పాత కణాలు చచ్చిపోయి, కొత్త రక్తనాళాలు పాకి, మెల్లగా లిగమెంట్‌లా మారాలి, ఈలోపు అది బలహీనంగానే ఉంటుంది. 2016లో వచ్చిన నార్వే అధ్యయనంలో, తొమ్మిది నెలల వరకు ఆట ఒక్కో నెల వాయిదా వేసినకొద్దీ మళ్లీ గాయమయ్యే రేటు దాదాపు సగానికి తగ్గింది. అది చూపించే ఆపాను. ఇప్పుడు ఆదివారం ఆదివారం ఒంటికాలి మీద గెంతిస్తూ టేపుతో కొలుస్తున్నాం, మంచి కాలితో పోలిస్తే కనీసం 90 శాతం రావాలి, మొన్నటికి 78 దగ్గరున్నాడు.