కాళ్లున్న కప్పులు: కార్ల్‌టన్ వేర్ వారి వాకింగ్ వేర్ కొనే ముందు

కప్పుకి రెండు కాళ్లు, వాటికి చారల మేజోళ్లు, పట్టీ ఉన్న రంగు బూట్లు. వాకింగ్ వేర్ అంటే ఇదే. రోజర్ మిచెల్, డాంకా నపియోర్‌కోవ్‌స్కా దీన్ని రూపొందించారు. 1970ల్లో ఇంగ్లాండ్‌లోని స్టోక్‌లో కార్ల్‌టన్ వేర్ అనే కంపెనీ తయారుచేసింది. తర్వాత పరిగెత్తేవి, గెంతేవి కూడా వచ్చాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా వంటింటి అల్మరాలో పెడితే చూడగానే నవ్వు తెప్పించే సామాను ఇది. ఇప్పుడు దొరికేది ఎక్కువగా పాతదే కాబట్టి, కొనేవాళ్లు ముందు చూడాల్సింది బూట్ల రంగు కాదు, చీలమండలు.

కప్పు బరువు, అందులోని టీ బరువు, రెండూ పడేది ఆ సన్నటి భాగం మీదే. సింకులో కుళాయికి పక్కనుంచి తగిలితే చాలు, అక్కడే విరుగుతుంది. అతికించి రంగు పూసి అమ్మేవి చాలానే ఉంటాయి. కప్పుని గాజు బల్ల మీద నిలబెట్టి అంచు మీద వేలితో మెల్లగా నొక్కండి. కాస్త ఊగితే బట్టీలో వంకర పోయిందైనా అయి ఉండాలి, కాలు అతికించిందైనా అయి ఉండాలి. ఏదో తేలాలంటే మేజోడు మీద గోటితో మెల్లగా గీయండి. గ్లేజ్ (మట్టి మీద కాల్చిన గాజులాంటి పూత) జారుతుంది, తర్వాత పూసిన రంగు మెత్తగా తగులుతుంది. యూవీ టార్చి వేస్తే చాలా రకాల జిగురు వేరే రంగులో మెరుస్తుంది. ఫోన్ టార్చి కప్పు లోపల పెట్టి లైటు ఆర్పితే వెంట్రుకవాసి పగుళ్లు బయటపడొచ్చు. గోటితో కొట్టినప్పుడు మోగకుండా మొద్దుగా వినిపిస్తే ఎక్కడో బీట ఉండొచ్చు.

బూటు అడుగున కార్ల్‌టన్ వేర్ ముద్ర ఉంటుంది. ముద్ర ఉన్నంత మాత్రాన నమ్మేయకండి. ఇదే కంపెనీ గిన్నిస్ బీరు కోసం చేసిన టూకాన్ పక్షి బొమ్మలకి దొంగ ముద్రతో నకళ్లు బాగా తిరుగుతున్నాయి.

వాడకం దగ్గరికొస్తే, మొదట ఎగ్‌కప్పు కొనండి. చిన్నది, తేలిక, సాధారణంగా టీపాట్ కంటే చౌక. నాటుకోడి గుడ్డు మాత్రం లోపలికి దిగిపోతుంది, పెద్ద ఫారం గుడ్డు సరిగ్గా కూర్చుంటుంది. టీకప్పు రోజువారీ వాడకానికి పనికిరాదు. ఇది ఎర్తెన్‌వేర్, అంటే తక్కువ వేడిలో కాల్చిన మట్టి సామాను, పింగాణీ అంత గట్టిది కాదు. మనలా పాలు పోసి మరిగించిన టీని చల్లటి కప్పులో ఒక్కసారి పోస్తే గ్లేజ్ మీద జాలి గీతలు పడే ప్రమాదం ఉంది. ఆ గీతల్లోంచి పాలు మట్టిలోకి ఇంకి గోధుమరంగు మరక, పులిసిన వాసన వస్తాయి. తాగాలనే ఉంటే ముందు గోరువెచ్చని నీళ్లతో కప్పు వేడిచేసి, టీ కాస్త చల్లారాక పోయండి. డిష్‌వాషర్, మైక్రోవేవ్ రెండూ వద్దు. పాత గ్లేజుల్లో, రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి నిమ్మరసం, పచ్చళ్లలాంటి పుల్లటివి ఇందులో పెట్టొద్దు.

మరక పడ్డవాటికి బ్లీచింగ్ వాడకండి. క్లోరిన్ ఉప్పు లోపలే మిగిలి ఎండేటప్పుడు గ్లేజ్‌ని పొరలుగా లేపుతుంది. ముందు మామూలు నీళ్లలో ఒక పూట నానబెట్టండి, తర్వాత 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో వదులుగా మూతపెట్టి రెండు మూడు రోజులు ఉంచండి. చేతులకి గ్లౌజులు వేసుకోండి. తర్వాత బాగా కడిగి, ఎండలో కాకుండా నీడలో ఆరనివ్వాలి. లోపలి తడి నెమ్మదిగా బయటికి రావాలి. అతికించిన కాలు ఉన్నదాన్ని ఇలా నానబెట్టకూడదు, జిగురు ఊడుతుంది.

టీపాట్ కొనేటప్పుడు మూత తీసి, అంచు లోపలివైపు వేలు తిప్పి చూడండి. సన్నటి పెచ్చులు అక్కడే ఊడతాయి. మూత పోయిందని వేరే సెట్టు మూత పెట్టి అమ్మేవాళ్లూ ఉన్నారు. అది వదులుగా తిరుగుతుంది, తెలుపులో తేడా కూడా పగటి వెలుతురులో తెలిసిపోతుంది.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకి ఇవి ఛారిటీ షాపుల్లో, కారు డిక్కీల్లో పాత సామాను పెట్టి అమ్మే కార్ బూట్ సంతల్లో చేతికి తీసుకుని చూసే వీలుంది. ఇండియాకి తెప్పించుకునేవాళ్లు అమ్మేవారికి ముందే రాయండి: రెండు కాళ్ల మధ్య ఖాళీలో కాగితం కూరి, ఆ తర్వాతే బబుల్ ర్యాప్ చుట్టాలి, మూత విడిగా కట్టాలి, పెట్టెలో పెట్టె పెట్టి రెంటి మధ్య అన్నివైపులా 5 సెంటీమీటర్లు మెత్తటిది నింపాలి. కాళ్ల మధ్య ఏమీ లేకుండా చుట్టి పంపితే, పెట్టె చెక్కుచెదరకుండా వచ్చినా బూటు విరిగే వస్తుంది.