రొయ్యల గుంటల ట్రాలీకి జాలీ ఫ్లోరు: ఆరేళ్ల వాడకం తర్వాత

ఇందుకూరుపేట మండలంలో రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే మినీ ట్రాక్టరు ట్రాలీ ఇది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. మేత బస్తాలు, ఐసు, పట్టుబడి రోజు నీళ్లు కారే క్రేట్లు, ఏరేటరు మోటార్లు అన్నీ దీని మీదే పోతాయి. పాత రేకు తుప్పు పట్టి చిల్లులు పడితే, దాన్ని తీసేసి ఇనుప జాలీ వేయించాం. ఆరేళ్లలో ఇది రెండో జాలీ. మొదటిది పోవడానికి కారణం బరువు కాదు, దాని మీద కొట్టిన పెయింటు. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

జాలీ అంటే రేకుకు గాట్లు పెట్టి సాగదీసి చేసే వజ్రాల జాలీ, ఎక్స్‌పాండెడ్ మెటల్. అతుకులు ఉండవు. తీగలు పేర్చి అతికే వెల్డెడ్ మెష్‌లో ప్రతి కూడలీ ఒక అతుకే, గతుకుల్లో ఒక్కొక్కటే ఊడుతుంది. ట్రాలీకి అది వద్దు.

ఇక మొదటి ఫ్లోరు సంగతి. మెరుస్తున్న జీఐ (జింకు పూత పూసిన ఇనుము) జాలీ తెచ్చి ఫ్రేముకు వెల్డింగ్ చేయించాం. అతుకుల దగ్గర జింకు కాలిపోతుంది కాబట్టి, అక్కడ తుప్పు రాకుండా మొత్తం మీద సింథటిక్ ఎనామిల్ రెండు కోట్లు కొట్టించాం. బండి చూడముచ్చటగా ఉండింది. అక్టోబరులో ఈశాన్య వానలు మొదలయ్యాయి. డిసెంబరు వచ్చేసరికి గోరు పెట్టి గీరితే పెయింటు వెల్లుల్లి పొట్టులా లేచి రావడం మొదలైంది. చిత్రమేమంటే దాని కింద తుప్పు లేదు, జింకు అలాగే ఉంది. పొట్టు తిప్పి చూస్తే వెనకవైపు తెల్లగా, తడి వేలికి జారే పొర.

ఆ జారుడు పొర సబ్బే. మామూలు ఎనామిల్ నూనె రెసిన్‌తో తయారవుతుంది. జింకుకు తేమ తగిలితే దాని ముఖం మీద క్షార గుణమున్న పొర ఏర్పడుతుంది. నూనె, క్షారం కలిస్తే సబ్బు కాక ఏమవుతుంది? ఆ సబ్బు పొర మీద పెయింటు పట్టు వదిలేస్తుంది. ఎంత ఖరీదైన ఎనామిల్ అయినా, ఎన్ని కోట్లు కొట్టినా అంతే. జీఐ మీద పెయింటు వేయాలంటే ముందు డిటర్జెంటు నీళ్లతో నూనె మరక లేకుండా కడగాలి, తెల్లబూజు బ్రష్షుతో వదిలించాలి, ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కొరికి పట్టుకునే అడుగు పూత) గానీ టూ-ప్యాక్ ఎపాక్సీ ప్రైమర్ (రెండు డబ్బాలు కలిపి వాడేది) గానీ పట్టించాలి, ఎనామిల్ కాకుండా పీయూ (పాలీయూరెథేన్) పెయింటు పైకోటుగా వేయాలి. పెయింటు అమ్మినవాళ్లు, కొట్టినవాళ్లు ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే రెండో ఫ్లోరు ఖర్చు తప్పేది.

తప్పు ఎనామిల్ దగ్గరే ఆగలేదు. ఆ జాలీ జింకు పూసిన రేకును కోసి సాగదీసిన రకం. పైనా కిందా జింకు ఉంటుంది, కోసిన పక్కల్లో ఉండదు. కొనేటప్పుడు ఒక కాడను, అంటే వజ్రాల మధ్య ఉండే సన్న ఇనుప పట్టీని, పక్కనుంచి చూస్తే తెలిసిపోతుంది. ముఖం తెల్లగా, పక్క నల్లగా ఉంటే అది కోసిన రకం. సాగదీశాక కరిగిన జింకులో ముంచినదైతే నాలుగు వైపులా ఒకే రంగు ఉంటుంది, మూలల్లో చిన్న చిన్న జింకు బొట్లు గడ్డకట్టి కనిపిస్తాయి. తుప్పు పట్టిన ఇంకో చోటు, ఫ్రేము యాంగిలరు (ఎల్ ఆకారపు ఇనుము) మీద జాలీ పరుచుకుని కూర్చున్న సందు. ఉప్పునీళ్లు ఒకసారి అందులో దూరితే ఎండవు, బ్రష్షూ స్ప్రేయరూ లోపలికి పోవు. పైన పెయింటు బాగానే కనిపిస్తుంటే కింద పెచ్చులు కడుతూ వచ్చింది. దానికి తోడు బ్లీచింగ్ పౌడరు డబ్బా ఒకటి కారింది, ఆ మూల మిగతా వాటికంటే ముందే పోయింది.

రెండోసారి పెయింటు జోలికే పోలేదు. ముందు జాలీ పని పూర్తిచేసి, ఆ తర్వాత జింకులో ముంచించాం. తెచ్చింది నల్ల జాలీ (జింకు పూత లేనిది), 3 మి.మీ. మందం, 5 మి.మీ. కాడ, వజ్రం అడ్డం (పొట్టి వైపు కొలత) 25 మి.మీ. చదరపు మీటరు బరువు లెక్క కట్టాలంటే కాడ వెడల్పును మందంతో గుణించి, రెట్టింపు చేసి, 7.85తో గుణించి, వజ్రం అడ్డంతో భాగించాలి. దీనికి 9.4 కిలోలు వస్తుంది. 25×5 పట్టీలను నిలబెట్టి నాలుగడుగుల చదరం రెండు చేయించాం. లోపల అడుగుకొక పట్టీ, జాలీ వాటి 5 మి.మీ. అంచు మీద కూర్చుంటుంది. రెండు ఇనుములు పరుచుకుని నీళ్లు పట్టుకునే చోటు దాదాపు లేదు. రెండూ కలిపి 50 కిలోలు దాటవు, అదే కొలతకు 3 మి.మీ. రేకు 70 కిలోలు.

వజ్రం పొడవు ఏ దిక్కున ఉందో చూడకుండా కోయనివ్వొద్దు. అడ్డపట్టీ నుంచి అడ్డపట్టీకి వజ్రం పొడవు వైపు పోవాలి, అప్పుడే బలం. అడ్డం తిప్పి వేస్తే అదే జాలీ డ్రమ్ము అంచు కింద గుంట పడుతుంది. చదరపు ప్యానెల్‌తో లాభం ఇదే, షాపులో షీటు ఎలా వచ్చినా తిప్పుకోవచ్చు. పైగా బస్తాను వెనక తలుపు వైపు లాగినప్పుడు వజ్రం పొడవు వెంట జారుతుంది. అడ్డంగా లాగితే కాడల వాలు ఒకవైపు నున్నగా, రెండోవైపు పళ్లలా తగిలి బస్తా చింపుతుంది.

వెల్డింగుకు 2.5 మి.మీ. రాడ్డు, 70–80 ఆంప్స్ చాలు. ఆర్క్ పట్టీ మీద వెలిగించి కాడ మీదికి లాగాలి, కాడ మీద వెలిగిస్తే తెగుతుంది. అతుకులు మధ్యలోంచి అంచులకు, ఒకటి విడిచి ఒకటి వేయాలి. జీఐని వెల్డింగ్ చేయక తప్పకపోతే అంగుళం మేర జింకును గ్రైండింగ్‌తో తీసేయాలి. ఆ తెల్ల పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది.

ముంచడానికి చెన్నై వైపు పంపాల్సి వచ్చింది, లారీ బాడుగ అదనం. ఫ్రేములో మూసిన పైపులు ఉంటే రెండు చివరలా రంధ్రాలు తప్పనిసరి. జింకు సుమారు 450 డిగ్రీల వేడిలో ఉంటుంది, లోపలి తడి ఆవిరైతే పైపు పేలుతుంది. మా రెండు ప్యానెల్లలో ఒకటి మధ్యలో అర అంగుళం ఉబ్బి వచ్చింది. పట్టీ ఒక తీరున, సన్న కాడ ఇంకో తీరున వేడెక్కడమే కారణం. బోల్టులు బిగిస్తే చాలావరకు దిగింది, పూర్తిగా కాదు.

బిగింపు ప్యానెలుకు నాలుగు 10 మి.మీ. జీఐ బోల్టులు, ప్యానెలుకూ ట్రాలీ ఫ్రేముకూ మధ్య మందపాటి వాషర్లు. చప్పుడు తగ్గుతుందని పాత టైరు ట్యూబు పొడవుగా పరిచి చూశాం. దాని కింద నెలల తరబడి తడే, తీసేశాం.

నీళ్లు నిలవవని మొదట్లో తెగ మెచ్చుకున్నాం. క్రేట్ల నీళ్లు, ఐసు కరిగిన నీళ్లు నిజంగానే నిలవవు. అయితే పైనుంచి దిగే నీళ్లకు దారి ఉన్నట్టే కిందనుంచి ఎగిరే బురదకూ దారి ఉంది. వాన రోజున టైర్ల పైనున్న మేత బస్తాలు అడుగున తడిసి గడ్డకట్టాయి. పాత టైరు కోసి మడ్‌గార్డులు కట్టాక తగ్గింది. వానలో మేత తోలేటప్పుడు ఇప్పటికీ కింద ఒక టార్పాలిన్ వేస్తున్నాం. అలా వేస్తే జాలీ వేసిన లాభం ఆ రోజుకు లేనట్టే. చిరిగిన బస్తా మేత రాలడం, పారతో ఎత్తబోతే పార తగులుకోవడం సరేసరి.

నాలుగేళ్లకు జింకు మెరుపు పోయి బూడిదరంగుకు వచ్చింది. డ్రమ్ములు దొర్లించే తలుపు దగ్గర రెండు మూడు కాడల మీద ఎర్రచుక్కలు కనిపిస్తే, గీకి జింకు ఎక్కువున్న కోల్డ్ గాల్వనైజింగ్ పెయింటు అద్దాం. బ్లీచింగ్ డబ్బాలకు ఇప్పుడు ప్లాస్టిక్ ట్రే వేరే పెడుతున్నాం. ప్రతి పట్టుబడి తర్వాత మంచినీళ్లతో కడిగే అలవాటు మాకుంది. అది లేని బండికి ఇన్నేళ్లు వస్తుందని చెప్పలేం.

సముద్రపు గాలి, ఉప్పునీళ్లు ఉన్న ముత్తుకూరు, విడవలూరు, కొత్తపట్నం వైపు వాళ్లు జాలీ వేస్తే ముంచించే వేయమంటాం. కనిగిరి, పొదిలి మెట్టలో ఎండుగడ్డి, ఎరువు బస్తాలు తోలే ట్రాలీకి ఇంత ఖర్చు అక్కర్లేదేమో. నల్ల జాలీకి థిన్నరుతో నూనె తుడిచి, అంచులకు ముందుగా బ్రష్షుతో ఒక చేయి వేసి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ మీద ఎనామిల్ కొడితే అక్కడ సరిపోవచ్చు. నల్ల ఇనుము మీద ఎనామిల్‌కు ఈ సబ్బు గొడవ లేదు. చీమకుర్తి వైపు రాయి ముక్కలు, కంకర తోలేవాళ్లకు మాత్రం రేకే మేలు.