గ్లోబల్ ఫండ్ ఇన్‌స్పెక్టర్ జనరల్ రిపోర్టులు: చదవాల్సినవే, కానీ మూడున్నర స్టార్లే ఇస్తాను

జెనీవాలో గ్లోబల్ ఫండ్ అని ఒక సంస్థ ఉంది. 2002లో మొదలైంది. ఎయిడ్స్, టీబీ, మలేరియా, ఈ మూడు జబ్బుల మీద దేశాలు చేసే పనికి డబ్బిస్తుంది. ఆ డబ్బు ఎక్కడైనా దారి తప్పిందా అని చూడడానికి ఫండ్‌లోనే ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు ఉంది, ఈ రంగంలో ఉన్నవాళ్లు ఓఐజీ అంటారు. వాళ్లు చేసిన ఆడిట్లు, విచారణలు దాచుకోకుండా బయట పెడతారు. ఉచితం, లాగిన్ లేదు, ఆర్టీఐ దరఖాస్తు పెట్టి నెల రోజులు ఆగే పని లేదు. నా రివ్యూ ఈ సర్వీసుకే. హైదరాబాద్‌లో ఒక ఎన్జీవోలో ఇలాంటి గ్రాంట్ల లెక్కలు చూసినవాణ్ణి కాబట్టి పాఠకుడిగా ఎంత మెచ్చుకుంటానో, వోచర్లు అతికించిన చేతులతో అంతే తిట్టుకుంటాను కూడా.

ముందు వీళ్ల పని తీరు అర్థమైతే తప్ప రిపోర్టులు తలకెక్కవు. గ్లోబల్ ఫండ్‌కి ఏ దేశంలోనూ సొంత ఆఫీసు లేదు, అందరూ జెనీవాలోనే ఉంటారు. దేశంలో ఒక సమన్వయ కమిటీ ఉంటుంది, డబ్బు కోసం అది దరఖాస్తు పెడుతుంది. డబ్బు ముందు ప్రిన్సిపల్ రెసిపియెంట్‌కి వస్తుంది, అంటే ఏ ఆరోగ్య శాఖో పెద్ద సంస్థో. అక్కడి నుంచి సబ్ రెసిపియెంట్లకి, వాళ్ల కింద ఇంకా చిన్న సంస్థలకి. మధ్యలో లోకల్ ఫండ్ ఏజెంట్ అని పెద్ద ఆడిట్ కంపెనీయో మరొకరో ఫండ్ తరఫున కాగితాలు చూస్తారు. ఇన్ని చేతులు మారాక చివరి గ్రామంలో జరిగింది జెనీవాకి కాగితం మీదే కనిపిస్తుంది. వీళ్ల గొప్పతనమూ జబ్బూ రెండూ ఇక్కడి నుంచే పుట్టాయి.

రిపోర్టుల నాణ్యత గురించి చెప్పాలంటే, బాగుంటుంది, నిజంగా బాగుంటుంది. మన దగ్గర ఆడిట్ పేరాల్లా నాలుగు వందల పేజీల్లో అసలు విషయం వెతుక్కునే పని ఉండదు. మొదట్లోనే సారాంశం, తర్వాత ఒక్కో అంశానికి రేటింగ్ ఇస్తారు: ఎఫెక్టివ్, పార్షియల్లీ ఎఫెక్టివ్, నీడ్స్ సిగ్నిఫికెంట్ ఇంప్రూవ్‌మెంట్, ఇన్ఎఫెక్టివ్. చివర్లో యాజమాన్యం ఒప్పుకున్న పనులు, ఎవరు చేయాలి, ఏ తేదీలోపు చేయాలి అని ఉంటుంది. నేనైతే చివరి పట్టికే ముందు చదువుతాను, ఎందుకంటే రిపోర్టులో ఎంత గట్టిగా తిట్టినా ఆ పట్టికలో "మార్గదర్శకాలు రూపొందిస్తాం" అని మాత్రమే రాసి ఉంటే ఏమీ జరగదని తెలిసిపోతుంది. ఈ ఆఫీసు సీఈఓ కింద కాకుండా నేరుగా బోర్డుకే జవాబు చెబుతుంది, అది పెద్ద ప్లస్.

సరే, ఇంత బాగున్నదానికి ఒకటిన్నర స్టార్ ఎందుకు తీసేశాను అంటే రెండు కథలు చెప్పాలి.

మొదటిది 2011 జనవరి. అసోసియేటెడ్ ప్రెస్ వాళ్లు గ్లోబల్ ఫండ్‌లో అవినీతి అని పెద్ద కథనం ఇచ్చారు. మాలి, మారిటానియా, జిబూతి, జాంబియా, ఈ దేశాల పేర్లు వచ్చాయి. దొంగ బిల్లులు, జరగని ట్రైనింగులు, ఇలాంటివే. అందులో వింత ఏమిటంటే సమాచారమంతా ఫండ్ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ రిపోర్టుల్లోనిదే, రహస్యంగా ఎవరూ లీక్ చేయలేదు. వెనక్కి రావాల్సిన మొత్తం 3.4 కోట్ల డాలర్లు, అప్పటికి ఫండ్ దేశాలకు పంపిన మొత్తం దాదాపు 1300 కోట్ల డాలర్లు. ఫండ్ ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి ఎంత తక్కువో అంది. అది కొంచెం తెలివి మాట, ఎందుకంటే అప్పటికి ఆడిట్ చేసింది ఆ 1300 కోట్లలో కొంత భాగమే, చూడని చోట ఏముందో ఎవరికి తెలుసు. కానీ జర్మనీ, స్వీడన్ లాంటి దేశాలు వెంటనే డబ్బు ఆపేయడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. తప్పు పట్టుకుని తనంతట తాను చెప్పిన సంస్థకి శిక్ష పడింది, అసలు చెప్పని సంస్థలు హాయిగా ఉన్నాయి. నిజం చెప్పినవాడు ఊరికి విరోధి అన్నట్టు.

తర్వాత వరసగా జరిగాయి. బోట్స్వానా మాజీ అధ్యక్షుడు ఫెస్టస్ మొగాయే, అమెరికా మాజీ ఆరోగ్య మంత్రి మైకేల్ లెవిట్ నాయకత్వంలో ఒక సమీక్షా బృందం వేశారు, 2011 సెప్టెంబరులో వాళ్ల రిపోర్టు వచ్చింది. అదే నవంబరులో రౌండ్ 11 అని పిలిచే కొత్త గ్రాంట్ల విడతని ఫండ్ రద్దు చేసింది. ఆర్థిక మాంద్యం కూడా కారణమే అనుకోండి, అంతా అవినీతి వార్తల మీద నెట్టలేం. 2012 జనవరిలో అధిపతి మిషెల్ కజాచ్‌కిన్ తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. 2012 నవంబరులో బోర్డు ఆ ఇన్‌స్పెక్టర్ జనరల్ జాన్ పార్సన్స్‌నే తీసేసింది, పనితీరు బాగోలేదని. దొంగని పట్టుకున్నాయన కూడా పోయాడు, ఆఫీసు మాత్రం మిగిలింది! ఆయన పనితీరు నిజంగా ఎలా ఉండేదో బయటున్న మనం తీర్పు చెప్పలేం. కానీ ఆ తర్వాత వచ్చిన రిపోర్టుల గొంతు మారింది, చదివితే ఎవరికైనా తెలుస్తుంది. మునుపు నేరుగా "దొంగతనం" అనేవి, ఇప్పుడు "కంట్రోల్స్‌లో లోపాలు", అంటే తప్పు జరగకుండా ఆపే ఏర్పాట్లలో లోపాలు, అంటున్నాయి. ఒకందుకు మంచిదే, పత్రికల హెడ్‌లైన్ కోసం రాసినట్టు ఉండదు. ఒకందుకు విసుగు, కోపం రావాల్సిన చోట నిద్ర వస్తుంది.

రెండో కథ కంబోడియాది, నా దృష్టిలో అసలు పాఠం ఇక్కడుంది. 2013 నవంబరులో ఓఐజీ ఒక విచారణ రిపోర్టు బయట పెట్టింది. దోమతెరలు సరఫరా చేసే రెండు అంతర్జాతీయ కంపెనీలు, స్విట్జర్లాండ్‌లో ఉన్న వెస్టర్‌గార్డ్, జపాన్ సుమిటోమో కెమికల్ వాళ్ల సింగపూర్ సంస్థ, 2006 నుంచి 2011 వరకు కంబోడియా మలేరియా కేంద్రం అధికారులకి కమీషన్లు ఇచ్చాయని తేలింది. మొత్తం 4 లక్షల డాలర్లకు పైగానే. చక్కటి పరిశోధన. మన దగ్గర కొనుగోళ్లలో పర్సంటేజీ అనే మాట వినని గుమస్తా ఉండడు కాబట్టి ఆ రిపోర్టు చదువుతుంటే ఏదీ కొత్తగా అనిపించదు, ఇంత స్పష్టంగా కాగితం మీదికి తేవచ్చని మాత్రం కొత్తగా అనిపిస్తుంది.

అయితే తర్వాత ఏమైంది? ఫండ్ కంబోడియాలో నిబంధనలు బిగించింది. ప్రయాణ ఖర్చులకి ఏ కాగితాలు చూపాలి అన్నదాని మీద మలేరియా కేంద్రానికీ ఫండ్‌కీ పేచీ ముదిరి, 2015 చివర నుంచి 2016 మొదట్లోకి కొత్త గ్రాంటు మీద సంతకాలు పడకుండా ఆగిపోయాయి. ఊళ్లలో రక్తపరీక్ష చేసి మాత్ర ఇచ్చే గ్రామ మలేరియా వర్కర్ల పని కుంటుపడింది. ఎక్కడ అనుకున్నారు? ఆర్టెమిసినిన్ మందుకి లొంగని మలేరియా మొదట బయటపడిన నేల అది, థాయ్ సరిహద్దులోని పైలిన్ ప్రాంతం పేరు మలేరియా డాక్టర్లందరికీ తెలుసు. ఆ మొండి మలేరియా అక్కడే ఆగకపోతే ఆఫ్రికాకి పాకుతుందని ప్రపంచమంతా భయపడుతున్న రోజుల్లో, లాడ్జి రసీదు మీద గొడవ! మలేరియా ఉండేది అడవుల అంచున, అక్కడ పడుకునేవాడికి రసీదు ఎవరిస్తాడు? రెండు వైపులా పంతం ఉంది, కంబోడియా వాళ్లు కూడా ఏమీ అమాయకులు కారు, కమీషన్లు తిన్నది వాళ్ల ఆఫీసులోనే కదా. కానీ రిస్కు అంటే డబ్బు పోవడం ఒక్కటే అనుకుంటే జరిగేది ఇదే. 4 లక్షల డాలర్ల మోసం మీద అంత వివరమైన రిపోర్టు వచ్చింది, మరి గ్రాంటు ఆగిన ఆ నెలల్లో ఎంతమందికి వైద్యం ఆలస్యమైందో అంత వివరంగా రాసిన రిపోర్టు ఏదీ?

ఇది ఎక్కడో కంబోడియా సంగతి అని తీసేయకండి, ఇదే నిబంధన దిగుతూ దిగుతూ మన దాకా వస్తుంది. మేం పనిచేసిన ప్రాజెక్టులో ఫీల్డ్ వర్కర్ షేర్ ఆటోలో వెళ్లి టీబీ పేషెంటు మందు మింగుతున్నాడో లేదో చూసి వచ్చేవాడు. ఆటో అతను బిల్లు ఇవ్వడు. సెల్ఫ్ డిక్లరేషన్ రాయించుకుంటే పైసంస్థ వాళ్లు డిసల్లో చేసేవాళ్లు, అంటే ఆ ఖర్చు ఒప్పుకునేవాళ్లు కాదు, పైనుంచి ఆడిట్‌లో అడుగుతారని. చివరికి ఏమైందంటే బిల్లు వచ్చే ఊళ్లకి, అంటే ఆర్టీసీ బస్సు టికెట్ దొరికే ఊళ్లకి వెళ్లడం ఎక్కువైంది, తండాలకి వెళ్లడం తగ్గింది. లెక్కలు శుభ్రంగా ఉన్నాయి, ఆడిట్ క్లీన్. ఎవరూ ఒక్క రూపాయి తినలేదు. ఆ తండాల్లో మందు మధ్యలో మానేసినవాళ్ల లెక్క మాత్రం ఏ వోచర్ ఫైల్లోనూ ఉండదు. అలా అని సంతకాలు చూడకుండా డబ్బు పంచమనడం లేదు, సంతకాల షీట్లో ఒకే చేతిరాతతో ముప్పై పేర్లు ఉండడం నేను చూశాను, జరగని మీటింగుకి భోజనం బిల్లులు చూశాను. దొంగని పట్టుకునే వల వేరు, పనివాడి కాళ్లకి చుట్టుకునే వల వేరు. జెనీవాలో కూర్చుంటే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

న్యాయంగా చెప్పాలంటే ఇది వాళ్లకి తెలియక కాదు. 2011 దెబ్బ తర్వాత రిస్కు చూసే విభాగం విడిగా పెట్టుకున్నారు, 2018లో బోర్డు రిస్క్ అపెటైట్ అని ఒక చట్రం ఆమోదించింది. అంటే ఏ విషయంలో ఎంత రిస్కు తీసుకోవడానికి మేం సిద్ధం అని ముందే రాసుకోవడం. ఓఐజీ ఆడిట్లు కూడా ఇప్పుడు బిల్లులు దాటి మందుల నిల్వలు, గోదాముల్లో గడువు తీరిన మాత్రలు, రిపోర్టయ్యే కేసుల లెక్కల నాణ్యత చూస్తున్నాయి. ఇది నిజమైన మెరుగుదల, పాత రిపోర్టులు చదివినవాళ్లకి తేడా కనిపిస్తుంది. కానీ పై స్థాయిలో "కొంత రిస్కు ఫరవాలేదు" అని ఎంత అందంగా రాసినా, కింద ఉన్న అకౌంటెంట్‌కి డిసల్లో అయిన మొత్తం తన సంస్థే కట్టాలని తెలుసు. ఆ మనిషి ఏ రిస్కూ తీసుకోడు. నేనూ తీసుకోలేదు.

ఫిర్యాదుల హాట్‌లైన్ కూడా ఈ సర్వీసులో భాగమే. పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయవచ్చు, "ఐ స్పీక్ అవుట్ నౌ" అని ప్రచారం కూడా చేశారు. ఆలోచన మంచిది. చిన్న ఊళ్లో, నలుగురు పనిచేసే ఆఫీసులో పేరు దాచినా ఎవరు రాశారో అర్ధగంటలో తెలిసిపోతుంది, దానికి జెనీవా వాళ్లు మాత్రం ఏం చేస్తారు. డబ్బు కాకుండా మనుషులకి జరిగే హాని ఫిర్యాదులు ఇలాంటి చోటికి రావడం ముఖ్యం. కాంగోలో ఎబోలా సమయంలో లైంగిక దోపిడీ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన స్వతంత్ర కమిషన్ 2021 సెప్టెంబరులో ఇచ్చిన రిపోర్టు చూడండి, 83 మంది మీద ఆరోపణలు, అందులో 21 మంది ఆ సంస్థలో పనిచేసినవాళ్లే. ఆ ఆడవాళ్ల ఫిర్యాదు ఏ బిల్లులోనూ దొరకదు.

ఇక చిన్న చిన్న ఇబ్బందులు. నేను చూసిన రిపోర్టులన్నీ ఇంగ్లీషులో, కొన్ని ఫ్రెంచిలో. భాష కష్టం కాదు కానీ పొడి అక్షరాల పేర్లు ఎక్కువ, పీఆర్, ఎస్ఆర్, ఎల్ఎఫ్ఏ, సీసీఎం, మొదటి రిపోర్టు చదివేటప్పుడు పక్కన కాగితం పెట్టుకుని రాసుకోండి. తప్పు జరిగినప్పటికీ రిపోర్టు వచ్చేటప్పటికీ మధ్య ఏళ్లు గడుస్తాయి, కంబోడియాలో 2011తో ఆగిన కమీషన్ల గురించి 2013లో తెలిసింది. అప్పటికి సంబంధిత అధికారి రిటైరో బదిలీనో అయిపోతాడు. రికవరీ సంగతి చదివితే నీరసం వస్తుంది.

ఎవరికి పనికొస్తుంది అంటే, ఎన్జీవోల్లో ఫైనాన్స్ చూసేవాళ్లు, సీఏ చదువుతున్న పిల్లలు, ఆరోగ్య వార్తలు రాసే విలేకరులు తప్పకుండా చదవండి. ముఖ్యంగా విలేకరులు, దయచేసి 2011లోలాగా ఒక్క అంకె పట్టుకుని వదిలేయకండి, ఆడిట్ చేసింది ఎంతలో అని అడగండి. మా వాళ్లెవరైనా కొత్తగా ఈ ఉద్యోగంలో చేరితే ముందు 2013 కంబోడియా రిపోర్టు ఇస్తాను, తర్వాత 2016 నాటి ఆ రసీదుల గొడవ వార్తలు వెతుక్కోమంటాను, రెండూ కలిపే చదవాలి. 2025 నవంబరులో జరిగిన నిధుల సేకరణలో ఫండ్ 18 బిలియన్ డాలర్లు కావాలంటే వచ్చిన హామీలు 11 బిలియన్ పైచిలుకే, కాబట్టి ఇకముందు గ్రాంట్లు తగ్గుతాయి, కోత పడేది ఫీల్డ్ విజిట్లకా ఆడిట్ ఫీజులకా అన్నది చూడాలి. ఓఐజీ వాళ్లకి నా కోరిక ఒక్కటే: ప్రతి ఆడిట్ రిపోర్టులో ఆ చివరి పట్టికకి ఇంకో కాలమ్ కలపండి, మీరు పెట్టమన్న ఈ కంట్రోల్ వల్ల ఫీల్డులో ఎన్ని విజిట్లు తగ్గుతాయి, ఎన్ని రోజులు ఆలస్యమవుతాయి అని. ఆ కాలమ్ వచ్చిన రోజు మిగతా ఒకటిన్నర స్టారూ ఇచ్చేస్తాను.