సెకండ్ హ్యాండ్ పికప్ కొనేటోళ్లు జర ఆగుండ్రి, ముందు ఖాళీ బండిని కాంటా పెట్టించుండ్రి

హన్మకొండల లోడ్ బండ్లు అమ్మే కన్సల్టెన్సీల సంగతి మీకు తెల్వంది కాదు. అందుల ఒకాయన దగ్గర ఈ మధ్యనే పికప్ తీసుకున్నం. "రెండు టన్నులు కండ్లు మూసుకొని ఏసుకో తమ్మీ, కమాన్ పట్టీలు కూడ ఎక్కువ ఏపించిన" అన్నడు. ఆ మాట మీదనే బేరం తెగింది. (కమాన్ పట్టీలంటే చక్రాల కాడ బరువును ఆపే ఇనుప స్ప్రింగు పట్టీలు.) ఆ బండి మోసేది రెండు టన్నులు కాదు, టన్ను కూడ కాదు.

పరకాల దిక్కు నుంచి ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి ఏసిన. టన్నున్నర పైన ఉంటది, ఆయన చెప్పినదాని కంటే తక్కువనే. ఊరు దాటంగనే స్టీరింగ్ తేలికైంది, ముందు టైర్లు రోడ్డును పట్టుకుంటలేవు. బరువంత ఎనుక కూసుంటే ముందు లేస్తదని అప్పుడు అర్థమైంది. బ్రేకు తొక్కితే ఆగాల్సిన కాడ ఆగలే, ముందట పోతున్న ఆటోను కొద్దిల తప్పించిన. ఆ ఆటోల బడి పిల్లలున్నరు.

సరుకు దించి సీదా ఆటోనగర్ పోయిన. మేస్త్రి బండి కిందికి దూరి నన్నూ రమ్మన్నడు. ఎనుక యాక్సిల్ పైన ఛాసిస్‌కు (బండిని మోసే ఇనుప చట్రం) ఒక్క కాడనే కొత్త నల్లరంగు. స్క్రూడ్రైవర్‌తోని గీకితే పెచ్చు లెక్క ఊడొచ్చింది, దాని కింద జానెడు పొడుగు వెల్డింగ్ గీత. ఓవర్‌లోడ్ కొట్టి కొట్టి పగిలిన ఛాసిస్‌ను అతికించి, రంగు పూసి మాకు అంటగట్టిండు. ఎనుక టైర్ల మీద లోడ్ నంబర్ 97 అని ఉన్నది. అంటే ఒక్కో టైరు మోసేది 730 కిలోలు. రెండు కలిపితే 1,460, బండి సొంత బరువుల ఎనుక పడే భాగం కూడ అందులనే.

ఇగ కాంటా లెక్క చూడుండ్రి. ఆర్సీల ఖాళీ బరువు 1,600 కిలోలు, లోడుతోని మొత్తం బరువు 2,800. తేడా 1,200. కానీ ఖాళీ బండిని కాంటా ఎక్కిస్తే 1,840 చూపించింది. మందం ఇనుప రేకు ఫ్లోరు, ఎత్తు పెంచిన యాంగిల్ బాడీ, ఆయన గొప్పగ చెప్పిన కమాన్ పట్టీలు, అన్ని కలిసి 240 కిలోలు మింగినయ్. డ్రైవరు, హమాలీ కలిసి 140 అనుకున్నా మిగిలేది 820 కిలోలు. 45 కిలోల బస్తాలైతే 18. కమాన్ పట్టీ ఎక్కువేస్తే బండి కిందికి కుంగదు, అంతే. బ్రేకులు, యాక్సిల్, ఛాసిస్, టైర్లు పాతయే ఉంటయ్.

కాంటా చిట్టీ, ఆర్సీ పట్టుకొని బాపుతోని ఆయన దగ్గరికి పోయిన. నలుగురు గిరాకీలు కూసున్నరు. చిట్టీ చేతికిస్తే చదవలే. మడతపెట్టి చాయ్ గ్లాసు కింద పెట్టిండు. "బండి నడుపుకునేటోనికి ఈ లెక్కలెందుకు? అందరు ఏస్తలేరా?" అన్నడు. వెల్డింగ్ ఫోటో చూపిస్తే నా మొఖం కూడ చూడకుండ బాపు దిక్కు తిరిగి "ఓ ముసలాయనా, నీ కొడుకుకు బండి కాదు, పంతులు నౌకరి సూడు" అన్నడు. అందరు నవ్విండ్రు. పత్తి అమ్మిన పైసలు ఆయన చేతుల పోసింది బాపునే. అప్పుడు కుర్చీ ఏసి, చాయ్ తాపి, "పెద్దాయనా" అని పిలిచిన నోరే అది. బాపు ఏం మాట్లాడలే, గ్లాసు పక్కకు జరిపి చిట్టీ తీసుకొని జేబుల పెట్టుకున్నడు. పైసలు పోయినదానికంటే నాకు అదే ఎక్కువ మండుతున్నది.

రోడ్డు మీద పట్టుకుంటే ఆయన రాడు. 2019ల మార్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఓవర్‌లోడ్‌కు 20,000 రూపాయల జరిమానా, ఎక్కువున్న ప్రతి టన్నుకు ఇంకో 2,000, పైగా ఎక్కువున్న సరుకు అక్కడనే దింపిస్తరు. కాంటా పెట్టనియ్యకుండ ఉరికితే 40,000. కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చొద్దని 52వ సెక్షన్ చెప్తది, గా బాడీతోని తిరిగితే జవాబు చెప్పాల్సింది ఇప్పుడు ఓనర్లమైన మేమే.

ఇగ కొనేటోళ్లు చేయాల్సింది: ఆర్సీల ఖాళీ బరువు, లోడుతోని మొత్తం బరువు రెండు చూసుకోండ్రి, ఖాళీ బండిని మీరే కాంటా ఎక్కించుండ్రి, మీ మేస్త్రిని కిందికి పంపుండ్రి. గ్రానైట్ మోసేటోళ్లు ఇంకా పైలం, 20 మిల్లీమీటర్ల మందం పలక అడుగుకు అడుగు ముక్కనే 5 కిలోలు ఉంటది, బాడీ సగం కూడ నిండకముందే లెక్క దాటుతది.

నిన్న అటు నుంచి పోతే ఆయన షెడ్డు ముందట ఇంకో పికప్ నిలబడ్డది, అదే తీరు ఎత్తు బాడీ, కింద అదే కొత్త నల్లరంగు. దానికి అడ్వాన్స్ ఇచ్చినోళ్లు ఈ గ్రూపుల ఎవరన్న ఉంటే మిగతా పైసలు ఇయ్యకముందే నాకు మెసేజ్ పెట్టుండ్రి. ఫోటోలు, కాంటా చిట్టీ పంపిస్త.