ట్వెల్వ్ బోర్ తూటాలు డబ్బా లేకుండా విడిగా ఇస్తే తీసుకోకండి

తాతల నాటి జోడు గొట్టాల ట్వెల్వ్ బోర్ తుపాకీ, దానికి లైసెన్సు ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పోయిన నెల హైదరాబాద్‌లో నేను కొన్న తూటాలు ఎవరో వాడేసిన గుల్లల్లో మళ్ళీ మందు, రవ్వలు (చిన్న గుళ్ళు) నింపినవి. ఆ సంగతి తుపాకీ కాల్చాక తెలిసింది.

ఎప్పుడూ కొనే షాపులో స్టాకు లేదంటే ఇంకో చోటికి వెళ్ళాను. అతను లైసెన్సు పుస్తకం చూశాడు, అందులో ఎక్కించాడు, బిల్లూ ఇచ్చాడు. ఇక అనుమానం ఎందుకొస్తుంది? కాకపోతే 20 తూటాలూ పాలిథిన్ కవర్లో పోసిచ్చాడు. "డబ్బా చినిగింది సార్, మాల్ ఫ్యాక్టరీదే" అన్నాడు. ఒక్కోదాని మీద 30 రూపాయలు తక్కువ. ఆ 30 రూపాయల దగ్గరే నా బుర్ర పనిచేయడం మానేసింది.

ఆ ఆదివారం ప్రాక్టీసుకి రేంజ్‌కి వెళ్ళాను. కుడి గొట్టం బాగానే పేలింది. ఎడమది నొక్కితే సోడా మూత తీసినట్టు టప్‌మంది, అంతే. భుజానికి దెబ్బే తెలియలేదు. తుస్సుమంది కదా అని తెరవబోతుంటే పక్కనున్న పెద్దాయన "ఆగు బాబూ, తెరవకు!" అని కేకేశారు. గొట్టాలు టార్గెట్ వైపే ఉంచి, ఆయన చాలు అనేదాకా నిలబడ్డాను. తెరిచి గుల్లలు తీసి వెనక నుంచి చూస్తే కుడి గొట్టంలో గుండ్రంగా వెలుతురు, ఎడమ దాంట్లో చీకటి. మందుకీ రవ్వలకీ మధ్య పెట్టే ఫెల్ట్ బిళ్ళ సగం దూరం వెళ్ళి ఇరుక్కుంది. అలవాటు కొద్దీ ఇంకో రెండు వేసి నొక్కి ఉంటే గొట్టం చీలేది. గొట్టం కింద ఉండేది నా ఎడమ చెయ్యే.

ఇంటికొచ్చి మిగతా 18 ముందేసుకున్నాను. ఇత్తడి అంచు మీద గీతలు, తూటా మూతిని మూసే మడత కొసలు నలిగి పీచులు లేచాయి, మధ్యలో కొవ్వొత్తి మైనం చుక్క. వంటింటి తూకం మీద పెడితే ఒకటి 41 గ్రాములు, ఇంకోటి 48. నా పాత డబ్బాలో మిగిలిన అసలువి తూస్తే గ్రాము తేడా కూడా లేదు.

షాపు వాడిని అడిగితే "నక్కలకీ పందులకీ గట్టిగా తగలాలని కస్టమర్లే నింపించుకుంటారు సార్, అమెరికాలో అందరూ ఇంట్లోనే చేసుకుంటారు" అన్నాడు. అక్కడ కొయోట్ (నక్కలాంటి జంతువు) వేటగాళ్ళు నింపుకునే మాట నిజమే. కానీ మందును గ్రెయిన్లలో (గ్రాము కన్నా చాలా చిన్న కొలత) తూచి, కంపెనీలు పరీక్షించి ఇచ్చిన పట్టిక ప్రకారం నింపుతారు. బిళ్ళ రకం మార్చినా లోపలి ఒత్తిడి మారుతుందని పట్టిక దాటరు. ఇక్కడ లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరం. నక్కను వేటాడటం 1972 వన్యప్రాణి చట్టం కింద ఇంకో నేరం. అంత ధీమాగా ఎలా చెప్పాడో!

ఇంకో మాట. పాత తుపాకులు చాలావాటికి తూటా కూర్చునే గది పొడవు 65 మిల్లీమీటర్లే. 70 మిల్లీమీటర్ల తూటా మూతి మడతపెట్టి ఉంటుంది కాబట్టి అందులో హాయిగా దూరిపోతుంది. పేలాక మడత విచ్చుకోవడానికి చోటు చాలదు, ఒత్తిడి పెరుగుతుంది. అసలు తూటా మీద కొలత అచ్చువేసి ఉంటుంది. నాకు అంటగట్టిన వాటి మీద అక్షరాలే అరిగిపోయాయి.

ఇలాంటివి మీ దగ్గరుంటే విప్పి చూడకండి, కాల్చి చూద్దామనీ అనుకోకండి. నేను బిల్లు జత చేసి మా స్టేషన్‌లో కాగితం రాసిచ్చి, ఆ 18 అక్కడే అప్పగించాను. బిళ్ళను పాతబస్తీలో తుపాకులు బాగుచేసే ఉస్తాద్ కడ్డీతో తోసి తీశాడు. గొట్టం ఎక్కడైనా ఉబ్బిందేమో పూర్తిగా చూసేదాకా తుపాకీ ఇవ్వనన్నాడు. ఇంకా ఆయన దగ్గరే ఉంది.