గాజువాకలో గుడ్ ఫ్రైడే రక్తదాన శిబిరం: అయిదుకి నాలుగు

గాజువాక వైపు ఒక చర్చి యూత్ వాళ్లు గుడ్ ఫ్రైడే నాడు పెట్టిన శిబిరంలో రక్తం ఇచ్చాను. నాలుగు స్టార్లు ఇస్తున్నాను. మీ సంఘంలో కూడా క్యాంపు పెట్టే ఆలోచన ఉంటే ఇది చదవండి.

అన్నిటికంటే బాగా నచ్చింది డాక్టరమ్మని కూర్చోబెట్టిన చోటు. సండే స్కూలు గదిలో తలుపు దగ్గరగా వేసి ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. ఈ మధ్య కామెర్లు వచ్చాయా, ఏడాది లోపు టాటూ వేయించుకున్నారా, మందులేమైనా వాడుతున్నారా అని మొదలుపెట్టి, మనం ఇంట్లో కూడా మాట్లాడుకోని సంగతుల దాకా అడిగారు, కానీ ఎక్కడా తీర్పు తీర్చే గొంతు లేదు. ఇంకో చోట ఒక క్యాంపులో ఇవే ప్రశ్నలు పెద్దలందరి ముందు టేబుల్ దగ్గర గట్టిగా అడగడం చూశాను, అలా అడిగితే ఎవరు నిజం చెప్తారండీ? ఇచ్చిన ప్రతి రక్తం బ్యాగుకీ హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు, నిజమే, కానీ ఇన్ఫెక్షన్ సోకిన కొత్తలో పరీక్షకి దొరకని రోజులు కొన్ని ఉంటాయి. ఆ రోజుల్లో రోగిని కాపాడేది మనం చెప్పే నిజం ఒక్కటే. క్రీస్తు పేరున రక్తం ఇస్తున్నాం అనుకునేవాళ్లకి సూది గుచ్చించుకోవడం కంటే ఆ ఫారం నిజాయితీగా నింపడమే పెద్ద సాక్ష్యం అని నా నమ్మకం. ఇంటికెళ్లాక ఏదైనా గుర్తొచ్చినా ఫోన్ చేయండి, ఎందుకని అడగం, ఆ బ్యాగు పక్కన పెట్టేస్తాం అని కూడా డాక్టరమ్మ చెప్పారు.

వేలి చివర చిన్నగా గుచ్చి, ఆ చుక్కని నీలం రంగు కాపర్ సల్ఫేట్ ద్రావణంలో వేస్తారు. మునిగితే హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉన్నట్టు, తేలితే ఆ రోజుకి ఇంటికే. నా ముందు రక్తం ఇవ్వడానికొచ్చిన ఒక సంఘం సిస్టర్ చుక్క తేలిపోయింది, ఆవిడకి కళ్లనీళ్లు ఆగలేదు, దేవుడు నా కానుక వద్దన్నాడేమో అనేసింది. నర్సు ఆవిడని పక్కన కూర్చోబెట్టి, రక్తహీనత ఇప్పుడు బయటపడడమే మంచిదమ్మా, ముందు మీరు వైద్యం చేయించుకోండి అని నచ్చజెప్పింది. పాస్టర్ గారు కూడా, తిరిగి పంపిన వాళ్ల పేర్లు ఎవరూ అడగకూడదు అని మైకులో చెప్పారు. ఈ మాట ప్రతి చర్చిలోనూ చెప్పాలి.

డబ్బులకి రక్తం ఇవ్వడాన్ని మన దేశంలో 1998 జనవరి 1 నుంచి నిషేధించారు. అయినా బహుమతుల ఆశ చూపించే క్యాంపులు లేకపోలేదు. ఇక్కడ బిస్కెట్లు, జ్యూసు, తర్వాత పదిహేను నిమిషాలు కదలనివ్వకుండా కూర్చోబెట్టడం, అంతే. ఉచితంగా పొందారు ఉచితంగా ఇవ్వండి అని ప్రభువు చెప్పింది కూడా అదే కదా. స్టేజీ మీద ఫొటోలు కూడా పెట్టలేదు.

ఇక పోయిన స్టార్ సంగతి. గుడ్ ఫ్రైడే అంటే సగం సంఘం ఉపవాసం. ఖాళీ కడుపుతో రక్తం తీయరు, తీయకూడదు కూడా, కళ్లు తిరుగుతాయి. సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల ఆరాధన అయ్యాక నేరుగా వచ్చిన కుర్రాళ్లని చాలామందిని డాక్టరమ్మ వెనక్కి పంపేశారు. పైగా అందరూ ఒకే రోజు ఇచ్చేస్తే ఆ రక్తం ఏడాది పొడుగునా దాచడం కుదరదు: ఎర్ర కణాలు మహా అయితే 42 రోజులు నిలవ ఉంటాయి, రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్లేట్‌లెట్లయితే అయిదు రోజులే. విశాఖలో పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి శ్రీకాకుళం నుంచీ మన్యం నుంచీ వచ్చేవాళ్లకి ఈ ఊళ్లో తెలిసినవాళ్లే ఉండరు, రక్తం తెచ్చుకోండి అంటే ఎవరిని అడుగుతారు? పుట్టుకతో వచ్చే రక్త జబ్బు తలసీమియా ఉన్న పిల్లలకి మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, వాళ్లకి పండగలతో పనిలేదు. కాలేజీలకి సెలవులిచ్చి క్యాంపులు తగ్గిపోయే మే నెలలో రక్తం అవసరం ఇంకా ఎక్కువ. మగవాళ్లు 90 రోజులకి, ఆడవాళ్లు 120 రోజులకి మళ్లీ ఇవ్వొచ్చు కాబట్టి, సంఘాన్ని నాలుగు గుంపులు చేసి నెలకో ఆదివారం, ఆరాధన అయ్యి టిఫిన్ తిన్నాక పెట్టుకుంటే సరిపోతుంది. ఈ మాట యూత్ లీడర్‌తో అన్నాను, వచ్చే కమిటీ మీటింగులో పెడతానన్నాడు.